పొత్తిగుడ్డలు

కాన్పుల వార్డులో ముప్పై ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. బేత్లెహేము వెళ్లొచ్చాక కనబడిన ప్రతి ఒక్కరూ ‘దేవుడు పుట్టిన చోటు ఎలా ఉంది?’ అనే అడిగారు. నాకేమో ముందు మా వదిన మోకాళ్ల గురించి చెప్పాలనిపిస్తుంది.

2019 ఫిబ్రవరిలో గుంటూరు నుంచి మా చర్చి సంఘం వాళ్లం నలభై మందిమి బయల్దేరాం. కొందరికి జెరూసలేం యాత్రకి ప్రభుత్వమిచ్చే సాయం అందింది. నేను పెన్షన్ డబ్బుల్లోంచి తీశాను. వదినంటే మా ఆయన అక్క. డెబ్బై దాటాయి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ‘‘నడవలేరు, వద్దొదినా’’ అంటే వింటేనా! ‘‘ఆ చోటు చూసి చచ్చిపోయినా ఫర్వాలేదులే’’ అంది. ఇంకేం మాట్లాడతాం.

జెరూసలేం నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లే. మధ్యలో ఎత్తయిన కాంక్రీటు గోడ, చెక్‌పోస్టు. దాటితే పాలస్తీనా. అక్కడ బస్సెక్కిన గైడు కుర్రాడు ఆ ఊరివాడే, అరబ్బు క్రైస్తవుడు. హీబ్రూలో బేత్లెహేమంటే రొట్టెల ఇల్లనీ, తమ అరబ్బీలో మాంసపు ఇల్లనీ చెప్పాడు.

యేసు పుట్టిన చోట కట్టిన గుడి పెద్దదే గానీ గుమ్మం నాలుగడుగులే. పైన పాత పెద్ద ద్వారం ఆనవాళ్లు గోడలో కనిపిస్తూనే ఉన్నాయి. గుర్రాల మీద, బండ్ల మీద లోపలికి చొరబడకుండా మూస్తూ మూస్తూ ఇంత చేశారట. వినయద్వారం అంటారు. మా పాస్టరయ్యగారు అక్కడే చిన్న ప్రసంగం అందుకున్నారు, ‘‘దేవుడే వంగి మన దగ్గరికొచ్చాడు, మనం వంగలేమా’’ అని. వదిన నా చెవిలో, ‘‘వంగితే మళ్లీ లేపేదెవరంట?’’ అంది.

లోపల రెండు గంటలు క్యూ. ఎర్రరాతి స్తంభాలు, పైనుంచి వేలాడే దీపాలు, నేల మీద చెక్క పలకలు తెరిచిపెట్టిన చోట కింద నాలుగో శతాబ్దపు రంగురాళ్ల నేల. మొదట గుడి కట్టించింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ప్రతిష్ఠ 339లో. అది పాడైపోతే ఆరో శతాబ్దంలో జస్టీనియన్ మళ్లీ కట్టించాడు, ఇప్పుడు నిలబడున్నది అదే. గైడు ఇవన్నీ చెబుతుంటే నాకు గుర్తొచ్చింది వేరే. ఈ కాన్‌స్టంటైనే 325లో బిషప్పులందర్నీ ఇప్పటి టర్కీలో ఉన్న నైసియాలో కూర్చోబెట్టాడు. క్రీస్తు దేవుడి సృష్టిలో అందరికంటే గొప్పవాడా, దేవుడేనా అన్నది అక్కడి తగవు. దేవుడే, సృష్టింపబడినవాడు కాడని తేల్చారు. అలా తేల్చిన కొద్ది ఏళ్లకే ఆ దేవుడు పసిబిడ్డగా పుట్టిన గుహ మీద గుడి లేచింది. నాకు ఈ రెండూ ఒకే మాటగా కనిపిస్తాయి.

గుహ అన్నమాట సువార్తల్లో లేదు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. మన ఊళ్లో క్రిస్మస్‌కి తాటాకులతో పశువుల పాక వేస్తాం కదా, అక్కడ పాకా లేదు, గడ్డీ లేదు. రాతి మెట్లు దిగాలి. అరిగి నున్నబడిన మెట్లు.

వదిన రెండో మెట్టు మీదే ఆగిపోయింది. వెనక జనం తోస్తున్నారు. నాకు టెన్షన్. అంతలో తెల్ల బట్ట ముసుగేసుకున్న ఇథియోపియా ఆవిడొకరు వచ్చి, ఏమీ అడక్కుండా వదిన నడుం కింద చెయ్యి వేసి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుంది. నొప్పులొచ్చిన మనిషిని బల్ల ఎక్కించేటప్పుడు మేం పట్టుకునే పట్టు అది. ఆవిడకెన్ని కాన్పులు తెలుసో! అలాగే దించింది, మోకరింపజేసింది.

బలిపీఠం కింద పాలరాతి నేలలో పద్నాలుగు మొనల వెండి నక్షత్రం. చుట్టూ లాటిన్‌లో ‘కన్య మరియకు యేసుక్రీస్తు ఇక్కడ పుట్టెను’ అని. పైన పదిహేను దీపాలు, గ్రీకువాళ్లవి ఆరు, ఆర్మేనియన్లవి అయిదు, క్యాథలిక్కులవి నాలుగు. దీపాలకి కూడా వాటాలే! నక్షత్రం మధ్యలో రంధ్రం ఉంది, చెయ్యి పెడితే రాయి తగులుతుంది. చల్లగా, కాస్త చెమ్మగా ఉంది. పిల్లలకోసం, మనవళ్లకోసం పెద్ద ప్రార్థన సిద్ధం చేసుకెళ్లాను. ఒక్క మాట గుర్తు రాలేదు. ‘ఈ రాతి మీదా కన్నది?’ అనే అనుకున్నాను. పది సెకన్లకే వెనకనుంచి ‘యల్లా, యల్లా’ అన్నారు, కదలండి కదలండని.

మరియ నొప్పులు లేకుండా కన్నదనే నమ్మకం కొన్ని క్రైస్తవ శాఖల్లో ఉంది. వాళ్ల భక్తిని కాదనను గానీ నాకు మింగుడుపడదు. గర్భం దాల్చడం పరిశుద్ధాత్మ వలన. కనడం మాత్రం ఆడమనిషి కన్నట్టే కని ఉంటుంది. సువార్తలో లూకా రాసింది చూడండి, ‘తొలిచూలు కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి’ అని. తొలిచూలంటే మన దగ్గర గేదెకీ అంటారు, మనిషికీ అంటారు. వార్డులో నేను రోజూ అడిగిన మాటే, ‘‘తొలిచూలా అమ్మా? పాత చీరలేమైనా తెచ్చుకున్నారా?’’ అని. కొత్తబట్ట పసివొంటికి గుచ్చుకుంటుంది. నాలుగేళ్లు కట్టి ఉతికిన నేతచీర చింపితేనే మెత్తన.

మా పక్కింటి పిన్నిగారు ఒకసారి ‘‘మీ యేసూ అవతారమే కదే’’ అన్నారు. అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. కృష్ణుడూ చెరసాలలోనే పుట్టాడు మరి. కానీ దేవకికి ముందు నాలుగు చేతులతో కనబడ్డాడని భాగవతం. యేసు పుట్టినప్పుడు గొల్లలకి దేవదూత చెప్పిన ఆనవాలు పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. అంతే. దేవుడని గుర్తుపట్టడానికి దేవుడి లక్షణం ఒక్కటీ చెప్పలేదు. ఏ పేదింటి బిడ్డకైనా సరిపోయే గుర్తు. గుడ్డలో చుట్టకపోతే చలికి నీలంగా మారిపోయే ఒళ్లు దేవుడికి ఉందంటే, నిజంగా ఉందనే మా విశ్వాసం. చూడ్డానికి మనిషిలా ఉండడం కాదది. ఇన్నేళ్లు ఆదివారాలు విశ్వాస ప్రమాణం గడగడా అప్పజెప్పాను, అందులో మరియ గురించి వచ్చే ‘ఆమెకు పుట్టెను’ దగ్గర ఏనాడూ ఆగలేదు.

బయటికొచ్చేసరికి ఆ ఇథియోపియా ఆవిడ జనంలో కలిసిపోయింది. చేతులు జోడిద్దామన్నా దొరకలేదు. అందరూ ఆలివ్ చెక్క బొమ్మల కొట్టు మీద పడ్డారు. నేనూ చిన్న తొట్టి కొన్నాను, బేరమాడకుండా. వదిన మెట్టు మీద కూర్చుని మోకాళ్లకి బామ్ రాసుకుంటోంది.

బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగింది. పాస్‌పోర్టులు చూస్తున్నారు. వదిన చాలాసేపట్నుంచి కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

‘‘అమ్మాయ్, బొడ్డు ఎవరు కోసుంటారంటావ్? మంత్రసాని ఉన్నట్టు రాయలేదుగా.’’

‘‘యోసేపే కోసుంటాడొదినా.’’

కాసేపు ఆలోచించింది. ‘‘వడ్రంగి కదా, కత్తి ఉంటుందిలే’’ అంది.