స్కోపు రింగుల కోసం రెండు నెలలు

వేసవి సెలవుల్లో నా ఎయిర్ రైఫిల్ రోజూ ఒకే తీరుగా ఏడిపించేది. మొదటి ఐదు పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్ళు) రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడేవి. ముప్పై దాటేసరికి గుంపు మొత్తం అర అంగుళం పైకి, కొంచెం ఎడమకు జరిగిపోయేది. స్కోపు, అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణి, దాని మరలు తిప్పి మళ్ళీ మధ్యకు తెచ్చుకునేవాడిని. మర్నాడు మళ్ళీ అదే కథ.

మాది విజయనగరం. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నెల్లిమర్ల దారిలో మా బావగారి పాత ధాన్యం గోదాము ఉంది. దాని పొడవునా 10 మీటర్లు కొలిచి, చివర ఇనుప పెట్టె, వెనక ఇసుక బస్తాలు పెట్టుకుని తలుపులు వేసి సాధన చేస్తాను. అడిగేవాళ్ళు ఉంటారు కనుక ముందే చెబుతున్నాను: 4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఇంకో మాట: ఒలింపిక్స్‌లో ఆడే 10 మీటర్ల పోటీలో స్కోపు వాడనివ్వరు. నాది బల్ల మీద ఆనించి కాల్చే సాధన మాత్రమే.

ముందు తప్పంతా నా చేతిదే అనుకున్నాను. తరువాత పెల్లెట్లు మార్చాను, గొట్టం శుభ్రం చేశాను. స్కోపును రైఫిల్ పైనున్న ఇనుప పట్టాకు పట్టి ఉంచేవి రెండు రింగులు. చివరకు ఒక సాయంత్రం వెనక రింగును ఆనుకుని, పట్టా మీద పెన్సిల్‌తో సన్నని గీత గీశాను. నలభై పెల్లెట్ల తరువాత చూస్తే, గీతకూ రింగుకూ మధ్య గోరంచు పట్టేంత సందు వచ్చింది. రింగు వెనక్కి పాకింది! నెల రోజుల దిగులు ఆ గీత దగ్గర తీరింది.

నాది స్ప్రింగుతో గాలిని నొక్కి కాల్చే రైఫిల్. దాని తన్ను, అంటే కాల్చినప్పటి కుదుపు, మామూలు తుపాకీ తన్ను లాంటిది కాదు. స్ప్రింగు విడుదలై పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి వెళుతుంది. గొట్టం మొదట్లో నొక్కుకుపోయిన గాలికి పిస్టన్ ఠక్కున ఆగినప్పుడు రైఫిల్ ముందుకు కుదుపుతుంది. స్కోపు మాత్రం జడత్వంతో ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. కాబట్టి పట్టా దాని కిందనుంచి ముందుకు జారి, రింగు వెనకబడుతుంది. తరగతిలో పాతికేళ్ళుగా చెబుతున్న న్యూటన్ సూత్రాలే ఇవి. నా చేతిలోని వస్తువుకు వాటిని అన్వయించడానికి మాత్రం నెల పట్టింది.

ఎంత జరిగితే ఎంత తేడా వస్తుందో లెక్క కట్టాను. రెండు రింగుల మధ్య దూరం 100 మి.మీ. అనుకుందాం. 10 మీటర్లు దానికి నూరు రెట్లు. అంటే వెనక రింగు 0.1 మి.మీ. పైకి లేస్తే, టార్గెట్ మీద 10 మి.మీ. తేడా. రెండు పెల్లెట్ల వెడల్పు కన్నా ఎక్కువ! నా స్కోపు మరను ఒక మెట్టు తిప్పితే, అంటే ఒక క్లిక్కు, గురిని ఆ దూరంలో సుమారు 0.7 మి.మీ. జరుపుతుంది. అంటే పద్నాలుగు క్లిక్కుల తేడాను ఒక కాగితం మందం తెచ్చిపెడుతుంది.

కొత్త రింగులు తెప్పించాను. మొదటిసారి పొరపాటు నాదే. బొమ్మ చూసి పికాటిని అనే రకం కొన్నాను. అవి 21 మి.మీ. వెడల్పు, అడ్డంగా గాడులు ఉన్న పట్టాకు సరిపోతాయి. నా రైఫిల్‌కు ఉన్నది 11 మి.మీ. డోవ్‌టెయిల్, అంటే అంచులు లోపలికి వాలి ఉన్న పట్టా. తిప్పి పంపించాను. రెండోసారి డోవ్‌టెయిల్ రింగులే వచ్చాయి, చవకగానే దొరికాయి. వారంలో అవీ జరిగాయి.

అప్పుడు రైఫిల్‌తో పాటు మొదటి నుంచి ఉన్న జత, ఈ కొత్త జత రెండూ తీసుకుని, గంటస్తంభం దగ్గర మా నాన్నగారి కాలం నుంచి ఎరిగిన లేత్ మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. ఆయన వెర్నియర్‌తో పట్టాను మూడు చోట్ల కొలిచారు. తరువాత పట్టా అంచులకు నీలి సిరా రాసి, రింగు బిగించి, విప్పి నా ముందు పెట్టారు. “చూడండి మాస్టారూ, ఇది పట్టుకోలేదు. గీరుకుందంతే” అన్నారు. నిజమే. రింగు దవడ వాలంతా ఆనాల్సిన చోట, కొనలో దారం పోగంత సన్నగా సిరా అంటింది. మిగిలినదంతా తెల్లగా మెరుస్తోంది. పట్టా వాలూ దవడ వాలూ కలవలేదు. మర ఎంత బిగించినా బలమంతా ఆ దారం మీదే పడుతుంది.

ఆయన సలహాతోనే ఈసారి ఎంచుకున్నాను. రెండు విడి రింగులు కాకుండా, ఒకే దిమ్మగా ఉండి, పొడవునా నాలుగు మరలతో పట్టాను పట్టే మౌంటు తీసుకున్నాను. అడుగున ఆపే పిన్ను ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన షరతు. నా రైఫిల్ పట్టా మీద నిలువు రంధ్రాలు ఉన్నాయి. పిన్ను అందులో దిగితే తన్నును మోసేది ఇనుమే. మర బిగింపు మీద ఆధారపడే పని తగ్గిపోతుంది. రంధ్రాలు లేని పట్టా అయితే నేను స్ప్రింగు రైఫిల్‌కు ఇలాంటి పిన్ను మౌంటు కొనను.

ఎత్తు విషయంలో తొందరపడకండి. నా స్కోపు గొట్టం 25.4 మి.మీ., ముందు కటకం ఉన్న గిన్నె బయటి కొలత 50 మి.మీ. అంటే గొట్టం మధ్యగీత పట్టా నుంచి 25 మి.మీ. కన్నా ఎత్తులో ఉండాలి. రైఫిల్ గొట్టం మడిచి పెల్లెట్ పెట్టే చోట వేళ్ళకు జాగా కావాలి. మరీ ఎత్తైతే చెంప రైఫిల్ వెనక కర్ర మీద ఆనదు. మధ్యరకం సరిపోయింది.

బిగింపు ఒక ఆదివారం పొద్దున్న చేశాను. పట్టా, రింగుల లోపలివైపు స్పిరిట్‌తో తుడిచి నూనె లేకుండా చేశాను. ముందు కింది మరలు బిగించి, స్కోపు పెట్టి, పై మూతలు వదులుగా ఉంచాను. రసమట్టంతో రైఫిల్‌ను సమం చేసి, గోదాము చివర తాపీమేస్త్రీ తూకం గుండు వేలాడదీసి, స్కోపు నిలువు గీతను ఆ దారంతో కలిపాను. తరువాత పై మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. మూతల రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. బలం 2 న్యూటన్ మీటర్ల లోపే. ఎక్కువైతే స్కోపు గొట్టమే నొక్కుకుపోతుంది. అలెన్ కీ పొట్టి చివరను రెండు వేళ్ళతో పట్టి తిప్పితే దాదాపు ఆ బలమే వస్తుంది. టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే మరీ మంచిది.

మళ్ళీ పెన్సిల్ గీత గీశాను. యాభై పెల్లెట్ల తరువాత కింది మరలు ఒక్క పావు తిప్పు పట్టాయి, తరువాత ఇక పట్టలేదు. మూడు వారాలైంది. గీత మీద దుమ్ము పడింది కానీ సందు రాలేదు. పాత రింగులను సిరా మరకతోనే బడి ప్రయోగశాలలో పెట్టాను. జడత్వం పాఠం వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఇస్తాను.