బిట్రగుంట షెడ్డూ, మన సైన్సు పీరియడూ

మన పూర్వ విద్యార్థుల సంచికకి బడి జ్ఞాపకాలు రాయమన్నారు కమిటీవాళ్లు. హాస్టల్ వంకాయ గురించీ, ఏడో తరగతి గోడ గురించీ రాయడానికి రెండో బెంచీ వాళ్లు కాచుక్కూర్చున్నారు. ఆ పని వాళ్లకే వదిలేసి నేను బిట్రగుంట ఆవిరి ఇంజన్ల షెడ్డు గురించి రాస్తాను. షెడ్డంటే మళ్లీ సైన్సు మాస్టారే.

విజయవాడ, మద్రాసుల మధ్య దూరం 430 కిలోమీటర్ల పైచిల్లర. బిట్రగుంట దానికి దాదాపు నడిమధ్య. ఆవిరి ఇంజను అక్కడికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. మంటలో బూడిద కరిగి చిట్టెంగా గడ్డకట్టి ఉంటుంది, నీళ్లు అడుగంటుతుంటాయి, డ్రైవరుకీ ఇద్దరు ఫైర్‌మన్లకీ కళ్లు మండుతుంటాయి. ఇంజను మారాలి, మనుషులూ మారాలి. అందుకే షెడ్డు వచ్చింది. షెడ్డు చుట్టూ డ్యూటీ దిగినవాళ్లు పడుకునే రన్నింగ్ రూమూ, క్వార్టర్సూ, ఇన్‌స్టిట్యూటూ, ఆస్పత్రీ, మన బడీ వచ్చాయి. "ఇంజన్ బలహీనతే మన బువ్వరా" అనేవారు మాస్టారు. అప్పుడు నవ్వాం.

ఆయన క్లాసు మీకు గుర్తే. 'పీడనం' అనగానే పాసింజరు బళ్లు లాగే డబ్ల్యూపీ ఇంజను బాయిలర్: చదరపు అంగుళానికి 210 పౌన్లు. గూడ్సు లాగే డబ్ల్యూజీకీ అంతే. 'ఉష్ణప్రసారం' అనగానే 46 చదరపు అడుగుల గ్రేటు (మంట కింది ఇనప జల్లెడ), దాని మీద సింగరేణి బొగ్గు. అందులో బూడిద ఎక్కువ. మంట సన్నగా, సమంగా పరచకపోతే బూడిద కరిగి చిట్టెమై గ్రేటు సందులు మూసేస్తుంది. గాలి అందదు, ఆవిరి పడిపోతుంది, బండి నిలబడుతుంది. ఫైర్‌మన్ పార విసిరే తీరు చూసి బండి టైముకి వస్తుందో రాదో చెప్పేవాళ్లు మన వీధిలో ఉండేవారు.

బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపే నీటిమట్టం గ్లాసు పాఠం మాత్రం ఆయన ఎన్నిసార్లు చెప్పారో! గ్లాసులో నీళ్లు కనపడితే చాలదు, అవి కదులుతుండాలి. పైన ఆవిరి కాకు (కుళాయి), కింద నీటి కాకు మూసి, డ్రెయిను తెరవాలి. తర్వాత ఒక్కో కాకే తెరిచి ఊదించాలి. డ్రెయిను మూసి రెండూ తెరిస్తే నీళ్లు గభాలున ఎగరాలి. నిదానంగా ఎక్కాయంటే దారిలో సున్నం పేరుకుందని అర్థం, అప్పుడు గ్లాసు చెప్పేది అబద్ధం. ఆ అబద్ధం నమ్మితే ఫైర్‌బాక్సు కప్పు మీద నీళ్లు తగ్గి సీసం ప్లగ్గు కరుగుతుంది, ఆవిరి మంట మీదకి దూకుతుంది. (ప్లగ్గు కరిగించినవాడు ఎవడో ఇక్కడ రాయను. వాడు తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యాడు.)

బాయిలర్ లోపల కడిగే వాషవుట్‌కి ఒక్కోసారి రోజంతా పట్టేది. వేడి రేకుల మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లిస్తాయి కాబట్టి ముందు చల్లారనివ్వాలి. తర్వాత ప్లగ్గులు విప్పి, నీటిధారతో బురద కడిగి, కడ్డీలతో సున్నం గీకాలి. మళ్లీ నీళ్లు నింపి, కట్టెలూ నూనె గుడ్డలూ వేసి మంట పెడితే ఆవిరి సిద్ధమవడానికి గంటలు పడుతుంది. తొందరపడ్డారా, ట్యూబుల మొదళ్లలో కారుతుంది. ఇంజను పడే ఈ తిప్పలే ఊళ్లో అందరి జీతం. బూడిద గుంట (యాష్‌పిట్) కూలీ నుంచి, డ్యూటీకి పిలవడానికి అర్ధరాత్రి తలుపు తట్టే కాల్‌బాయ్ దాకా.

డీజిలుకి ఈ బాధలు లేవు, విజయవాడలో బయల్దేరితే మద్రాసు దాకా ఒకటే ఊపు. 1980 నాటికి కరెంటు తీగ వచ్చేసింది. తీగ కింద ఇంజనుకి నీళ్లక్కర్లేదు, బొగ్గక్కర్లేదు, బిట్రగుంటలో ఆగాల్సిన పనీ లేదు. గూడ్సు యార్డు సంగతీ అంతే. ముందు వ్యాగన్లు విడదీసి ఊరూరికీ కూర్చేవాళ్లు, తర్వాత ఒకే సరుకుతో నిండిన బళ్లు మొత్తంగా నేరుగా పోవడం మొదలైంది. ఎవరినీ తిట్టడానికి లేదు, లెక్క ప్రకారం సరైన పనే. ఆవిరి ఇంజను బొగ్గు వేడిలో పదో వంతైనా చక్రానికి అందించేది కాదు. కానీ బదిలీ కాగితాలు వచ్చాక క్వార్టర్సు వరసలు వరసలుగా ఖాళీ అయ్యాయి. మెస్సులో పాలు పోసేవాళ్లకీ, బజారులో చీటీ మీద సరుకిచ్చే శెట్టిగారికీ బదిలీలుండవు గదా.

ఎనిమిది, తొమ్మిది తరగతుల గురించి ఏమీ రాయలేదని అడుగుతారేమో. షెడ్డు తప్ప నాకేమీ గుర్తు లేదు.

నేను పనిచేసిన థర్మల్ కేంద్రంలో ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకి 170 కేజీలు, మన డబ్ల్యూపీకి పదకొండింతలకు పైనే. కొత్తగా చేరిన ఇంజనీర్లని కంట్రోల్ రూమ్ తెరల ముందు కూర్చోబెట్టకముందే బాయిలర్ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లి నీటిమట్టం గ్లాసు ఊదించి చూపించేవాణ్ణి. ఎవరు నేర్పారని అడిగితే బిట్రగుంట అని చెప్పేవాణ్ణి.

కమిటీకి ఒక మాట. మీ ఇళ్లలో నాన్నగార్ల కాల్‌బుక్కులూ (డ్యూటీ పిలుపుల పుస్తకాలు), లింకు కాగితాలూ (డ్యూటీల పట్టికలు), షెడ్డు ముందు దిగిన ఫోటోలూ ఉంటే స్కాన్ చేసి పంపమనండి. వెనకాల ఇంజను నంబరు కనపడితే అది తప్పకుండా రాయమనండి, మనుషుల పేర్లు మేం కనుక్కుంటాం.