కొండ ఎక్కించింది ఒకటి, దిమ్మె ఎక్కింది ఇంకొకటి

విజయవాడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు: మెయిలు డ్రైవరుకుండే డాబు గూడ్స్ డ్రైవరుకుండదు. మా నాన్న ఫైర్‌మన్‌గా చేరి చాలా ఏళ్లు గూడ్స్ బళ్ల మీదే తిరిగాడు. ఇంజన్ల విషయంలోనూ అంతే. ముక్కు మీద నక్షత్రం పెట్టుకున్న డబ్ల్యూపీ, అంటే ప్యాసింజరు బళ్ల ఆవిరి ఇంజను, వస్తే జనం ప్లాట్‌ఫారం చివరిదాకా పోయి చూసేవాళ్లు. పక్క లైన్లో సరుకు లాక్కొచ్చిన డబ్ల్యూజీ వంక ఎవడు చూస్తాడు?

అమెరికాలో హార్స్‌షూ కర్వ్ అనే, గుర్రపు నాడాలా తిరిగే రైలు వంపు చూసినప్పుడు నాకు ఇదే కడుపుమంట. మా అబ్బాయి ఉండేది పిట్స్‌బర్గ్‌లో. వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చాం, షాపింగులూ అయ్యాయి. ఇక నా గొడవ పడలేక వాడే కారు తీసి ఆ వంపున్న ఆల్టూనాకి బయల్దేరాడు.

ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ వెళ్లాలంటే అలెగనీ కొండలు అడ్డం. 1834లో వేసిన పాత పద్ధతిలో 10 ఏటవాలు దారులుండేవి. పైన ఒకచోట స్థిరంగా బిగించిన ఆవిరి ఇంజన్లు, మోకులతో బళ్లను పైకి లాగడం, అవతల దింపడం. చివరికి కాలవ పడవల్ని కూడా అలాగే కొండ దాటించేవాళ్లు! ఈ తతంగం లేకుండా ఒకే రైలు తిన్నగా పోవాలని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ చీఫ్ ఇంజనీరు జె. ఎడ్గార్ థామ్సన్ లోయకి ఒక పక్కగా లైను ఎక్కించి, కొసన చుట్టు తిప్పి, రెండో పక్కగా వెనక్కి తెచ్చాడు. అడ్డొచ్చిన వాగులకి కట్టలు పోశారు, మధ్యలో కొండ ముక్కు చెక్కేశారు. పని చేసింది ఎక్కువగా ఐరిష్ కూలీలు, పలుగూ పారలతో. 1854 ఫిబ్రవరి 15న లైను తెరిచారు.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నిటారుగా ఎక్కలేదు, జారిపోతుంది. అందుకని దూరం పెంచి వాలు తగ్గించుకున్నారు. వంపు పొడవు 2,375 అడుగులు, తిరిగేది 220 డిగ్రీలు. ఇంతా చేసి గ్రేడు, అంటే ఎక్కుడు వాలు, సుమారు 1.8 శాతం, మన లెక్కలో దగ్గర దగ్గర 1 ఇన్ 55: 55 అడుగులు పోతే ఒక అడుగు ఎక్కుడు. నల్లమలలో దిగువమెట్ట దాటి గుంటూరు–నంద్యాల లైను మీద పనిచేసినవాళ్లకి ఘాట్ సెక్షన్ అంటే ఏమిటో తెలుసు. లోడు బరువైతే వెనక బ్యాంకర్, అంటే నెట్టే ఇంజను, తగిలించాల్సిందే.

ఇప్పుడు నా ఫిర్యాదు. 1957లో ఆ వంపు మధ్య పార్కులో దిమ్మె మీద పెట్టింది ఒక ఆవిరి ఇంజన్ని, 1361 నంబరు కె4ఎస్‌ని. అందగత్తె, కాదనను. 1918లో ఆల్టూనాలోనే పుట్టింది. చక్రాలు 80 అంగుళాలు, అంటే నా తలకంటే ఎత్తు. అంత పెద్ద చక్రం వేగానికి, ప్యాసింజరు బళ్లకి. ఆ కొండ మీద బొగ్గూ ఇనుమూ నెట్టిన మోటు ఇంజను వేరే ఉంది: ఐ1ఎస్. దానికి లాగే చక్రాలే పది, ఒక్కోటి 62 అంగుళాలు. మన డబ్ల్యూజీకి 61న్నర అని గుర్తొచ్చి నవ్వుకున్నాను. చిన్న చక్రంతో వేగం రాదు, కానీ లాగే బలం ఎక్కువ. ఈ రకం 598 చేస్తే మిగిలింది ఒక్కటే, అదీ న్యూయార్క్ రాష్ట్రంలో ఎక్కడో ఉంది. కె4లు 425 చేశారు, రెండు మిగిలాయి.

బ్యాంకర్ మీద పనంటే నాన్న చేతులు చూడాలి. కుడి మణికట్టు పైన వెంట్రుక ఉండేది కాదు, ఫైర్‌బాక్స్ తలుపు తెరిచినప్పుడల్లా మాడిపోయేది. పారతో విసిరిన బొగ్గు వెనక మూలలకి పడాలి, మధ్యలో కుప్ప పడితే స్టీమ్ లేవదు. ఎక్కుడులో స్టీమ్ పడిపోతే బండి అక్కడే నిలబడుతుంది, ముందు ఇంజను డ్రైవరు తిట్లు వెనకదాకా వినపడతాయి.

1985లో 1361ని దింపి బాగుచేశారు. 1987లో మళ్లీ పట్టాలెక్కింది, మరుసటేడే మూలపడింది. ఆ దిమ్మె మీదకి జీపీ9 అనే డీజిల్‌ని తెచ్చిపెట్టారు. అబ్బాయి దాని ముందు నన్ను నిలబెట్టి ఫోటో తీస్తానన్నాడు. నాన్నకి డీజిలంటే అసలు ఇంజనే కాదు. అయినా ఈ రకం గూడ్సూ లాగేది, ప్యాసింజరూ లాగేది, ఏ డాబూ లేదు. సరే తియ్యరా అన్నాను.