ఓకోనీ అడవిలో 18 అడుగుల ఎత్తున

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో విల్లుతో జింకల వేట సెప్టెంబరు రెండో శనివారం మొదలవుతుంది. ఆ రోజు తెల్లవారుజామున 3 గంటలకు కమ్మింగ్‌లో బయలుదేరాం. ఐ-20 హైవే మీద తూర్పుగా వెళ్లి, మాడిసన్ దగ్గర దిగి 83వ నంబరు రోడ్డు పట్టుకుంటే మాంటిసెల్లో. దాని చుట్టుపక్కలంతా ఓకోనీ నేషనల్ ఫారెస్టే. వేట లైసెన్సు, బిగ్ గేమ్ లైసెన్సు, కొట్టిన జింకను నమోదు చేసే హార్వెస్ట్ రికార్డు మూడూ ఫోన్లోనే ఉన్నాయి. 1961 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఈ పని కొత్త. జింక సంగతి తర్వాత, ముందు చెట్టెక్కడం రావాలి.

కారు ఆపిన చోటినుంచి 700 గజాల నడక. వీపు మీద 20 పౌండ్ల క్లైంబర్, అంటే చెట్టెక్కి పైన కూర్చోవడానికి వాడే రెండు చట్రాల స్టాండు. చీకట్లో రెండు అల్యూమినియం చట్రాలు ఒక్కసారి టంగుమన్నాయంటే ఆ లోయలో ఆ పూటకి వేట అయిపోయినట్టే. అందుకే స్టాండు మీద చేసే మార్పుల్లో సగం చప్పుడు చంపడానికే. బయలుదేరడానికి రెండు వారాల ముందే గ్యారేజీలో ఆ పని పూర్తయింది. చట్రంలో లోహానికి లోహం తగిలే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాం. చేతులు ఆనే కడ్డీలకు నీటి పైపులకు తొడిగే నురుగు గొట్టం తొడిగి, పైన గుడ్డ టేపు చుట్టాం. బోల్టుల కింద నైలాన్ వాషర్లు వేశాం. ఒక చట్రాన్ని ఇంకోదాంట్లో ఇమిడ్చి కట్టేటప్పుడు మధ్యలో పాత తువ్వాలు పెట్టాం. స్టాండుతో వచ్చిన సన్నటి భుజం పట్టీలు తీసేసి, నడుము పట్టీ ఉన్న మందపాటివి వేశాం. 20 పౌండ్లు భుజాల మీదనుంచి నడుముకి దిగితే అంత దూరం నడిచినా చెమట తక్కువ. సెప్టెంబరులో అది చిన్న సంగతి కాదు, చెమట వాసనే జింకకు మొదటి కబురు.

చేయకూడనివీ ఉన్నాయి. హుక్కు బిగించాలనో, విల్లు తగిలించే కడ్డీ బిగించాలనో చట్రానికి కన్నం పెట్టకూడదు. గొట్టంలో బలం సరిగ్గా అక్కడే పోతుంది. కేబుల్ పాడైతే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే తీగ వేయకూడదు, ఆ స్టాండు తయారీదారు ఇచ్చే కేబులే వేయాలి. పాదాలు పెట్టే ప్లాట్‌ఫారం మీద కార్పెట్ ముక్క పరిచేవాళ్లున్నారు. నిశ్శబ్దంగా ఉండే మాట నిజమే, కానీ తడిసి మంచు పట్టిందంటే కాలు జారుతుంది. మేం పరచలేదు.

తెల్ల ఓక్ కాయలు అప్పుడే రాలుతున్నాయి, వాటికోసమే జింకలొస్తాయి. అయితే ఎక్కాల్సింది ఆ ఓక్ కాదు. దాని బెరడు పైకి పోయేకొద్దీ పలకలుగా లేస్తుంది, కొమ్మలూ అడ్డం. నిటారుగా, 20 అడుగుల దాకా కొమ్మ లేకుండా, ఛాతీ ఎత్తులో 12 నుంచి 15 అంగుళాల మందం ఉండే చెట్టు కావాలి. ఓక్‌కి 20 గజాల దూరంలో, మన వాసన గాలికి ఓక్ వైపు పోని పక్కన, ట్యులిప్ పాప్లర్ ఒకటి ముందు వారమే చూసి పెట్టుకున్నాం. లోబ్లాలీ పైన్లు అక్కడ కొల్లలు, ఎంత నిటారుగా ఉన్నా ముసలి పైన్ బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఎండాకుల మీద పడుతుంది, జిగురు కేబుల్‌కి అంటుకుంటుంది. బెరడు పొరలుగా వేలాడే షాగ్‌బార్క్ హికరీ జోలికి అసలే పోకూడదు. ఎండిన చెట్టయితే ఎంత బాగున్నా వద్దు. ఇంకోటి, మొదలు చుట్టూ టార్చి తిప్పి చూడాలి. బొచ్చు వేళ్లతో పాకిన తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ. దాన్ని కౌగిలించుకుని ఎక్కితే వారం రోజులు దురదే.

ఎక్కే సూత్రం మన గీత కార్మికులది. కింద స్టాండు బిగిస్తుంటే నల్లగొండ మిత్రుడు, "ఇది మన మోకే గదన్నా" అన్నాడు. అక్షరాలా నిజం. మోకు తాడి వెనకనుంచి తిరిగి వస్తుంది, గీసేవాడు వెనక్కి వాలితే అది బిగుస్తుంది. క్లైంబర్‌లోనూ కేబుల్ చెట్టు వెనకాల కాస్త పైన పట్టుకుంటే, చట్రానికున్న పళ్లు ఇవతల కాస్త కింద నొక్కుతాయి. మనిషి బరువు బయటి అంచు వైపు పడేకొద్దీ రెండూ ఇంకా బిగుస్తాయి. బరువు తీసేస్తే పట్టు వదిలేస్తాయి. పైకి జరపగలగడానికీ, ప్రమాదం జరగడానికీ కారణం ఒక్కటే.

మానులు పైకి పోయేకొద్దీ సన్నబడతాయి, కేబుల్ పొడవు మాత్రం మారదు. అందువల్ల నేల మీద సమంగా పెట్టిన ప్లాట్‌ఫారం 18 అడుగుల దగ్గరికి వచ్చేసరికి ముందుకి వాలిపోతుంది. ఇది మొదటిసారి ఎక్కేవాళ్లందరూ చేసే తప్పు. కింద బిగించేటప్పుడే ముందు అంచు నాలుగైదు అంగుళాలు ఎత్తుగా ఉండాలి, పైకి వెళ్లేసరికి అదే సమమవుతుంది. పైకెళ్లాక వాలినట్టు తెలిస్తే అక్కడే పిన్ను తీసి కేబుల్ సర్దాలనిపిస్తుంది. సర్దకూడదు. దిగి, మళ్లీ బిగించి, మళ్లీ ఎక్కడమే.

పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు, అదే హార్నెస్, నేల మీదే వేసుకోవాలి, చెట్టుకి నేల మీదే తగిలించుకోవాలి. చెట్టు చుట్టూ తాడు, దాని మీద బరువు పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడి, ముడికి కారబైనర్ అనే లోహపు కొక్కెం, దానికి మన వీపు నుంచి వచ్చే పట్టీ. తాడు ఎప్పుడూ తలకంటే పైనే ఉండాలి, ప్రతి అడుగుకీ ముందు తాడే జరగాలి. తర్వాత నిలబడి పై చట్రాన్ని అడుగు మేర ఎత్తి, ముందు అంచు కిందికి నొక్కి, బరువు ఆనించి కూర్చోవాలి. పాదాలు రబ్బరు పట్టీల్లో ఉంటాయి కాబట్టి కాలివేళ్లు పైకెత్తి వంచితే కింది చట్రం పట్టు వదులుతుంది. మోకాళ్లు ముడిచి దాన్ని పైకి లాక్కుని, మడమలతో తొక్కి పట్టించి, నిలబడాలి. ఇలా పద్దెనిమిది ఇరవైసార్లు. మాకు పావుగంట పట్టింది. అంతకంటే తొందరపడితే ఒళ్లంతా చెమటే.

రెండు చట్రాలనీ కలిపే తాడు గురించి ఎంత చెప్పినా తక్కువే. కూర్చుని కాళ్లు ఎత్తిన క్షణంలో కింది చట్రం మీద బరువుండదు. పాదం పట్టీలోంచి జారిందా, అది సరసరా చెట్టు మొదటికి దిగిపోతుంది, మనిషి పైన కుర్చీలో మిగిలిపోతాడు. ఆ తాడు ఉంటే నాలుగైదు అడుగుల కిందే ఆగుతుంది, లాక్కోవచ్చు. స్టాండుతో వచ్చిన సన్నటి తాడు తీసేసి గట్టిది కట్టాం, రెండు కొసలకీ ముళ్లకు బదులు కారబైనర్లు పెట్టాం.

విల్లు మనతోపాటు ఎక్కకూడదు. 30 అడుగుల తాడుతో కింద వదిలి, పైన కూర్చున్నాక లాక్కోవాలి. బాణాలు మూత ఉన్న అమ్ముల పొదిలోనే ఉండాలి, బాణం మొన, అదే బ్రాడ్‌హెడ్, అంచు బ్లేడులాంటిది. విల్లు వేటకి ఈ స్టాండుతో అసలు చిక్కు ముందున్న అడ్డకడ్డీ. తుపాకీ ఆనించుకోవడానికి బాగుంటుంది గానీ, రెండు కొసలా చక్రాలుండే కాంపౌండ్ విల్లు పిడి నుంచి కింది చక్రం దాకా 15, 16 అంగుళాలుంటుంది. కూర్చుని గురిపెడితే ఆ చక్రం కడ్డీకి కొట్టుకుంటుంది. పై చట్రాన్ని మోకాలి ఎత్తుకి దించి, నిలబడి వేయడం మాకు కుదిరిన పద్ధతి. కుడిచేతివాళ్లకు జింక ఎడమ పక్కనుంచి వచ్చేలా స్టాండు ముఖం తిప్పుకోవాలి. కుడి పక్కకి తిరిగితే హార్నెస్ పట్టీ అడ్డం వస్తుంది.

సూర్యోదయం 7.20 ప్రాంతంలో. దానికి అరగంట ముందునుంచే వేట చట్టబద్ధం. 7.45కి రెండు ఆడజింకలు ఓక్ కిందికి వచ్చాయి. కన్ను నేలకి 23 అడుగుల ఎత్తున ఉందనుకున్నా, 20 గజాల దూరానికి ఏటవాలు లెక్క 21.4 గజాలే, పెద్ద తేడా లేదు. నడుము దగ్గర వంగకుండా చేతిని మాత్రమే దించితే బాణం ఎత్తుగా పోతుంది, తప్పు అక్కడ జరుగుతుంది. జింక 8 గజాలకి, చెట్టు కిందికి వచ్చేస్తే ఇంకో చిక్కు. అంత నిటారు కోణంలో రెండు ఊపిరితిత్తుల గుండా బాణం పోయే దారి దొరకదు, ఒక్కటే తెగుతుంది, గాయపడ్డ జంతువు మైలు దూరం పోతుంది. అందుకే 25 అడుగులు ఎక్కి గొప్పలు చెప్పుకోవడం కంటే 18 దగ్గర ఆగడం మంచిదంటాను. ఆ రెండూ 10 గజాల లోపలికే వచ్చాయి, విల్లు ఎత్తలేదు. కాసేపు కాయలు ఏరుకుని వాగు వైపు దిగిపోయాయి.

11 గంటలకు దిగాం. విల్లు ముందు, మనిషి తర్వాత. దిగడం ఎక్కడానికి తిరగేసిన పనే, కాకపోతే అలసిన కాళ్లతో. కాళ్లు నేల తాకేదాకా హార్నెస్ తాడు విప్పలేదు. ఎవరైనా పడి హార్నెస్‌కి వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అందుకని పాదం పెట్టి నిలబడటానికి ఒక పట్టీ ఎప్పుడూ జేబులో ఉంటుంది. ఎక్కిన చెట్టు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి ఫోన్లో ముందే పంపాం.

కారు దగ్గర స్టాండు విప్పి తుడుస్తుంటే కుడి పాదం రబ్బరు పట్టీ మీద గోరంత చీలిక కనిపించింది. రెండు పట్టీలూ అక్కడే కోసి పారేశాం. వచ్చే శనివారానికి కొత్తవి వేయాలి.