ఏసీ కొనే ముందు నేను రాసుకున్న ఒక కాగితం

తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి మేడమీది గది పన్నెండడుగుల వెడల్పు, పదమూడడుగుల పొడవు ఉంటుంది. పడమటి గోడ నేరుగా ఎండకు నిలబడి ఉండటంతో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. మోకాళ్ల నొప్పుల నాన్నగారికి మెట్లు ఎక్కడం కష్టమే అయినా, ఆ గది కిటికీలోంచి కొండ కనబడుతుందన్న ఒకే కారణంతో ఆయన కింది గదిలోకి మారడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ఈ వేసవికి ఏసీ పెట్టించక తప్పలేదు.

మొదట ఫోన్ చేసిన దుకాణం వారు గది కొలత కూడా అడగకుండా, "మేడమీద గదైతే రెండు టన్నులు వేయించుకోండి సార్, అన్నీ కలిపి నలభై ఆరు వేలు" అన్నారు. రెండవవారు మనిషిని పంపారు. అతను టేపుతో గదిని కొలిచి, కిటికీని, పడమటి గోడను చూసి, ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టాలో అడిగి, ఒకటిన్నర టన్ను చాలన్నాడు. పక్కింటివారు చెప్పిన మెకానిక్ ముప్ఫై తొమ్మిది వేలకు మొత్తం పూర్తి చేస్తానన్నాడు గానీ, ఆ మొత్తంలో ఏమేమి ఉన్నాయని అడిగితే, "అన్నీ ఉంటాయి సార్, మనకు మనకు ఏముంది" అని నవ్వేశాడు.

మూడు అంకెలు చేతిలో ఉన్నా వాటిని పోల్చడానికి వీలు లేదని నాకు అప్పుడే అర్థమైంది, ఎందుకంటే అవి మూడు వేర్వేరు పనులకు చెప్పిన ధరలు. టన్ను అంటే యంత్రం బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని గదిలోంచి తీసివేసే శక్తి. అవసరానికి మించిన టన్నుల ఏసీ గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది కనుక గాలిలోని తేమ సరిగా పోదు, అక్టోబరు, నవంబరు వానల్లో చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలో ఈ ఇబ్బంది తగ్గుతుందే తప్ప పూర్తిగా తొలగిపోదు.

అందుకే ఒక తెల్లకాగితం మీద గది కొలతలు, పై అంతస్తు, పడమటి గోడ, ఇండోర్ నుంచి ఔట్‌డోర్ వరకు ఆరు మీటర్ల పైపు దారి అని రాసి, ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీకి యంత్రం ధర, బిగింపు, మూడు మీటర్లకు మించిన రాగి పైపుకు మీటరు ధర, స్టాండు, గోడకు రంధ్రం, డ్రైన్ పైపు, జీఎస్టీ వేర్వేరు వరుసల్లో నింపమని ముగ్గురికీ అదే కాగితం ఇచ్చాను. మొదటి దుకాణం వారు తిరిగి ఇచ్చిన కాగితంలో పన్ను వరుసలో 28 శాతం అని ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 18 శాతమేనని గుర్తుచేస్తే, పాత ఫారం చూసి రాశామన్నారు. పొరపాటే కావచ్చు, కానీ అడగకపోతే అది నా జేబులోంచి పోయేది.

మెకానిక్ మీద నా నమ్మకం సడలింది ధర వల్ల కాదు. పైపులు బిగించాక, లోపలి గాలినీ తేమనూ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెడతావా అని అడిగితే, కొంచెం గ్యాస్ వదిలితే పైపులోని గాలి తనే పోతుందన్నాడు. అలా చేస్తే గాలి పోవచ్చు గానీ తేమ పైపులోనే మిగిలి, తరువాత కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్ 32 కొద్దిగా మండే గుణమున్న వాయువు. గదిలోకి దాన్ని వదలడమేమిటి?

రెండవవారి లెక్కలో కరెంటు పొదుపు లేబుల్ మీద ఐదు నక్షత్రాలున్న యంత్రం 44,500, బిగింపు పన్నుతో 1,770, అదనపు పైపు మూడు మీటర్లకు 2,700, స్టాండు 900, రంధ్రానికీ డ్రైన్ పైపుకూ వేరే రుసుము లేదు, వెరసి 49,870 రూపాయలు. మూడు నక్షత్రాలదైతే 7,500 తగ్గుతుంది. లేబుళ్ల మీద ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసిన లెక్కలో రెండింటికీ 210 యూనిట్ల తేడా కనబడింది. వేసవిలో మా బిల్లు చేరే పై శ్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే కాబట్టి తేడా నాలుగేళ్లలో తిరిగి వస్తుంది. నాన్నగారు రోజుకు పది గంటలు వాడతారు కనుక ఐదు నక్షత్రాలకే మొగ్గాను. పగలు ఒక గంటో రెండు గంటలో వేసుకునే ఇంటికైతే నేను మూడే చాలంటాను.

ఏ కాగితంలోనూ లేని ఖర్చు ఒకటి మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు. గదికి వచ్చే పాత తీగ సన్నగా ఉన్నందున మీటరు బోర్డు నుంచి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, లోడు మించితే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్చు ఒకటి వేరేగా వేయించాల్సి వచ్చింది. మీటరుకు మంజూరైన లోడు కూడా చాలనందున పెంచమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టాను.

బిగింపు రోజు రెండవవారి తరఫున వచ్చిన కుర్రవాడు మొత్తం పైపు ఆరున్నర మీటర్లని రాశాడు. టేపు తెచ్చి ఇద్దరం కలిసి కొలిస్తే ఐదు మీటర్ల ఎనభై సెంటీమీటర్లే వచ్చింది. అతను ఏమీ అనకుండా అంకె దిద్ది, సంతకం కోసం కాగితం నా ముందు పెట్టాడు.