వంగిన మాను

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను నేను ముప్పై మూడేళ్ల పాటు బడిపిల్లలకు చెప్పాను. మావారు మాత్రం దాన్ని ఒక్కనాడూ ఒప్పుకోలేదు. "వంగిన మాను దొరుకుతుందనే కదా పంతులమ్మా, నేను ఎండనపడి గట్లన్నీ తిరుగుతున్నాను" అనేవారు. ఆయన పడవలు కట్టే వడ్రంగి. మా తాళ్లరేవు ప్రాంతంలో నావలు, పడవలు కట్టడం తరతరాలుగా వస్తున్న పని. మా మామగారి నుంచి ఆయనకు సంక్రమించిన ఆస్తి ఒక బాడిస, రెండు ఉలులు, ఒక పెద్ద రంపం, అరిగిపోయిన ఒక పద్దు పుస్తకం. ఆయన పోయి ఈ కార్తికానికి రెండేళ్లు నిండాయి.

పడవ పలకలను లోపలి నుంచి పట్టి ఉంచే పక్కటెముకలు వంపుగా ఉండాలి. తిన్నని దుంగను వంపుగా చెక్కి కూడా వాటిని చేయవచ్చు గాని, అలా చెక్కినప్పుడు కర్రలోని ఈనె, అంటే పొడవునా సాగే నార, మధ్యలో తెగిపోతుంది కనుక పెద్ద అల తగిలిన రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది. చెట్టు తనంతట తాను వంగి పెరిగితే ఈనె కూడా వంపు వెంటే నడుస్తుంది, ఆ కర్రకు ఇక తిరుగు లేదు. అందుకే ఆయన నల్లతుమ్మల కోసం వెతికేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా నిండా అల్లుకున్న కాలువల గట్ల మీద, నీళ్ల వైపు ఒరిగి పెరిగిన తుమ్మ కనబడితే సైకిలు ఆపి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక కన్ను మూసి చూసేవారు. ఇతరులకు వంకర కొమ్మగా కనబడేది ఆయనకు ఫలానా పడవలో ఫలానా చోట ఇమిడే ఎముకగా కనబడేది.

ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంటిపట్టున ఉండని మనిషి అని మా అత్తగారు విసుక్కునేవారు, ఆవిడ తర్వాత ఆ బాధ్యత నేను తీసుకున్నాను. పొద్దున్నే సద్దన్నం తిని వెళ్లిన మనిషి దీపాలు పెట్టే వేళకు బురద కాళ్లతో వచ్చి, ఎక్కడో నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టాయని చెబితే, పని మానేసి పక్షులు చూస్తూ కూర్చున్నారని నేను గొడవ పడేదాన్ని. నిజానికి పక్షులు చూస్తూ కూర్చున్న మాట అబద్ధం కాదు. అయితే ఆ రోజు చూసి వచ్చిన చెట్టు పైఏడు పడవలో ఉండేది.

పెళ్లయిన కొత్తలో ఒకసారి నన్ను కోరంగి మడ అడవిలోకి తీసుకువెళ్లారు. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారని నాకు పుస్తకజ్ఞానం ఉంది గాని, ఊరి పక్కనే ఉన్న ఆ అడవి లోపలికి నేను అంతవరకు అడుగు పెట్టలేదు. చిన్న పాయలోకి పడవను గడతో నెట్టుకుంటూ వెళ్లి, తిల్ల చెట్టు దగ్గర ఆగి, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని నన్ను చేయి వెనక్కి తీసుకోమన్నారు. తర్వాత గట్టున బురదలో బావురుపిల్లి అడుగులు కనబడ్డాయి. ఆయన వాటి మీదకు వంగి ఎంతసేపు ఉండిపోయారంటే, ఈలోగా పాటు మొదలై, పాయలో నీరు జారిపోయి, పడవ బురదలో కూర్చుంది. మళ్లీ పోటు వచ్చి పడవ లేవాలంటే ఆరు గంటలు పడుతుందని ఆయన ఎంతో తాపీగా చెప్పారు. మర్నాటికి దిద్ది ఇవ్వవలసిన అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు ఇంట్లో బల్ల మీద ఉన్నాయి. నేను ఏడ్చాను. ఆయన తలపాగా తీసి నాకు కూర్చోవడానికి పరిచి, చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన ఊపిరి వేర్లను, వాటి మధ్య గెంతే చిన్న చేపలను, ఒక పెద్ద డెక్కను ఊపుతూ మమ్మల్ని బెదిరించే ఎర్ర పీతలను ఒక్కొక్కటిగా చూపించారు. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందనీ, అమావాస్య పున్నములకు నీరు ఎక్కువగా పొంగుతుందనీ నేను నేర్చుకున్నది ఆ సాయంత్రమే. చీకటి పడ్డాక పడవ అడుగున నీరు చేరిన చప్పుడు ముందుగా ఆయనే విన్నారు.

పని చేసేటప్పుడు ఆయన మాట్లాడరు. ఎర్రమట్టి నీళ్లలో ముంచిన దారాన్ని పలక మీద బిగించి లాగి వదిలితే సన్నని గీత పడేది. ఆ గీత వెంట బాడిస దెబ్బలు ఒకే ఎడంతో పడుతూ ఉంటే, వంటింట్లో ఉన్న నాకు ఆయన కోపంగా ఉన్నారో, సంతోషంగా ఉన్నారో ఆ చప్పుడును బట్టే తెలిసేది. పలకల సందుల్లో నూలు దట్టించి, చివరకు పడవంతటికీ చేప నూనె పూసేవారు. ఆ వాసన చొక్కాలకు ఎంత ఉతికినా వదిలేది కాదు. నేను వాటిని నా చీరలతో కలిపి ఎన్నడూ ఆరవేయలేదు. ఇప్పుడు మిగిలిన ఒక్క చొక్కాను నా చీరల మధ్యే పెట్టుకున్నాను.

గోదావరి వాళ్లు కదా, పులస సంగతి రాయలేదేమని చదివేవారు అడుగుతారు. ఆ ధర పెట్టి చేపను కొనడం ఆయన దృష్టిలో శుద్ధ తెలివితక్కువతనం. ఆయనకు మండపీత ఇష్టం, అదీ తన చేత్తో పట్టినదైతేనే.

1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకు మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. తెల్లవారాక ఆయన ఇంటి కప్పు వైపు కన్నెత్తి చూడకుండా రేవుకు వెళ్లారు. తీరపు పల్లెల్లో ఎందరో చనిపోయారన్న వార్తలు వస్తున్న ఆ రోజుల్లో పడవల గురించి మాట్లాడడం నాకు తప్పుగా తోచేది. బతికిన వాళ్లకు తిండి పెట్టేది పడవే కదా అని ఆయన అన్నది ఒక్క మాటే. సంక్రాంతి దాటాక కూడా మరమ్మతులు సాగాయి. ఎవరి దగ్గర ఎంత రావాలో ఆ పాత పద్దు పుస్తకంలో రాశారు. ఆయన పోయాక తెరిచి చూస్తే ఆ ఏటి పేజీలన్నింటికీ అడ్డంగా ఎర్రమట్టి దారంతో గీత కొట్టి ఉంది. 1839 నవంబర్‌లో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును, అందులోని ఓడలను నాశనం చేసిన సంగతి నేను ఒకసారి చదివి వినిపిస్తే, అంతా విని "ఆ ఓడలకు ఏ కలప వాడారో రాశారా?" అని అడిగారు.

2004 సునామీ తర్వాత మా వైపు ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. అవి తేలిక, వాటికి పురుగు పట్టదు, ఏటేటా నూనె పూయనక్కరలేదు. ఈ గుణాలన్నీ ఆయనే అందరికీ చెప్పేవారు. "అచ్చులో పోసే పడవకు చెట్టుతో పనేముంది?" అన్న ఒక్క మాట మాత్రం నా దగ్గరే అనేవారు. పనులు తగ్గినా గట్ల వెంట తిరగడం తగ్గలేదు. చివరి ఏడు నడవలేక, ఎవరి బండి మీదో వెనక కూర్చుని వెళ్లేవారు.

పోయిన నెలలో పక్క ఊరి రైతు ఒకాయన మా ఇంటికి వచ్చారు. తన చేని గట్టు మీది తుమ్మ చెట్టుకు మావారు ఎప్పుడో బయానా ఇచ్చారట. "కొమ్మ ఇంకా లావెక్కాలి, రెండు జానల చుట్టు వచ్చాక కొడదాం" అన్నారట. ఇప్పుడు పొయ్యి కట్టెలకు అడిగేవాళ్లున్నారు, "ఏం చేయమంటారు పంతులమ్మగారూ?" అని అడిగారు. నేను ఆయన వెంట వెళ్లి చూశాను. చెట్టు కాలువ వైపు ఒరిగి, కొమ్మ నీళ్లను తాకబోయి మళ్లీ పైకి లేచినట్టుగా ఉంది. చుట్టూ జాన పెట్టి కొలిచాను. నా జాన మావారి జాన కన్న చిన్నది, దానితో కొలిచినా రెండు వేళ్లు తక్కువ వచ్చింది.

ఇంకా కొన్నాళ్లు ఉండనీయండి అన్నాను.