దేన్ని కాల్చారు, దాని మీద ఏం కొట్టారు?

ఇన్‌హేలర్ అవసరం లేకుండా నిద్రపోవడం మొదలై మూడు నెలలైంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మాది పల్నాడు. పోయిన ఏడు శివరాత్రికి ముందు పత్తి కట్టె పీకించి చేను గట్టున కుప్ప వేశాం. గులాబీ రంగు పురుగు వదలక ఆఖరి తీత దాకా ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు కొడుతూనే ఉన్నాం. కుప్పలో ఖాళీ డబ్బాలేమీ లేవు, ఒట్టి కట్టె. మంచుకు తడిసి ఉండడంతో మంట లేవలేదు. చీకటి పడేదాకా రాజుకుంటూ పొగ కక్కుతూనే ఉంది. నేను పొగ వచ్చే వైపే నిలబడి పుల్లలు ఎగదోశాను. గొంతంతా చేదు.

రాత్రి పదకొండుకు దగ్గు మొదలైంది. ఒంటిగంటకు మాట పడిపోయింది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాను. పీల్చిన గాలి బయటికి రాదు. ఛాతీలో పిల్లికూతలు. పాప లేచి, "అమ్మా, ఆ చప్పుడేమిటి?" అంది. చెప్పడానికి ఊపిరి లేదు. ఇక తెల్లవారదనే అనుకున్నాను.

బావగారే కారు తీసి ఆస్పత్రికి చేర్చారు. ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్లు, నాలుగు రోజులు. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు, "పొయ్యి పొగలో పుట్టి పెరిగినవాళ్ళు, ఈ మాత్రం పొగకేనా ఇంత హడావిడి?" అన్నాడు. ముఖానికి మాస్కు ఉంది, జవాబు చెప్పలేకపోయాను. ప్రాణం నిలిపింది ఆ చేతులే, కాదనను. ఆ మాటను మాత్రం క్షమించలేదు.

వారం తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు గారు మొదటే అడిగారు: "దేన్ని కాల్చారమ్మా? దాని మీద ఆఖరున ఏం కొట్టారు?" అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. మంట లేని నిప్పులో మందు పూర్తిగా కాలదట, కొంత ఆవిరై పొగతోనే వస్తుందట. ప్రొఫెనోఫాస్‌లో క్లోరిన్, బ్రోమిన్ ఉంటాయి. అవి కాలితే శ్వాసనాళాలను మండించే ఆమ్లపు ఆవిర్లు పుడతాయి. క్లోరిన్ ఉన్నచోట డయాక్సిన్లనే విషాలు పుట్టే ప్రమాదమూ ఉంది. "మందు వాటా ఎంతో నేను తేల్చలేను, కట్టె పొగ ఒక్కటే కూడా ఇంత పని చేయగలదు" అని ఆయనే నిజాయతీగా చెప్పారు.

ఆ ఒక్క ముక్క పట్టుకుని బావగారు, "చూశావా, మందుది తప్పు లేదు" అన్నారు. నన్ను బతికించిన మనిషే! కట్టెను శ్రెడ్డర్ యంత్రంతో ముక్కలు చేసి కలియదున్నమని వ్యవసాయాధికారులు ఏళ్ళుగా చెబుతున్నారు. బాడుగ దండగంటూ బావగారు ఇన్నాళ్ళూ వినలేదు. ఈ ఏడు నేను పట్టుబట్టి తెప్పించాను.

మీకూ ఇలా జరిగితే, కొట్టిన మందు డబ్బా ఫోటో డాక్టరుకు చూపించండి. పొగ దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి.

కార్తీకంలో అత్తయ్య నన్ను కోటప్పకొండ తీసుకెళ్ళి మొక్కు చెల్లించారు. త్రికోటేశ్వరుడి దయ లేకపోతే నేను లేను, అది నా నమ్మకం. తిరిగొచ్చాక చూస్తే నీళ్ళపొయ్యి పక్కన పోయినేటి పత్తి కట్టె మోపులు రెండు. తీసి బయట పెట్టాను. "మరి పాపకు నీళ్ళు దేనితో కాచను?" అన్నారు అత్తయ్య.

ఆ సాయంత్రమే తుమ్మ కట్టె వేయించాను.